చెప్పంది వేలిముద్ర లేదు

మొన్న ఆదివారం పొద్దున జనగామలో మా ఇంట్లో ఉప్మాకు తాలింపు వేస్తుంటే ఫోను మోగింది. మహబూబాబాద్ అవతలి తండా నుంచి అక్క కూతురు. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నది. తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట, గుండె ఆగిందట. ఆవాలు మాడిపోతున్నా నాకు పొయ్యి ఆపాలని తోచలేదు. ఎండలో రోజుకు నాలుగు తండాలు నడిచిన ఆ గుండె ఆగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అక్క అంటున్నానే గానీ ఆమె నాకు చుట్టం కాదు. తండాలో ఆశా కార్యకర్త. క్షయకు కొత్త మందు పరిశోధన మా వైపు వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగే పనికి కుదిరింది. నేను ఆ పరిశోధనకు సమన్వయకర్తను. అంటే ఆమెకు పై అధికారిని, కాగితం మీద.

అంతకుముందు నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఉండేదాన్ని. గాజు పళ్లేల్లో క్రిములను పెంచి, మందు వేసి, చచ్చాయా లేదా అని చూడటమే నా పని. పళ్లెంలో చస్తే సంబరం, ఎలుకలో చస్తే మిఠాయి. ఇక మిగిలింది డబ్బాల్లో పెట్టి పంపడమే అనుకునేదాన్ని. ఎంత పొగరు! పళ్లెం మిర్చి ఏరడానికి కూలికి పోదు. ఎలుక తన మందు ఇంకొకరికి పెట్టదు. ఈ సంగతి నాకు నేర్పింది పదో తరగతితో చదువు ఆపిన అక్క.

మొదటి రోజు ఒక పెద్దాయన ముందు కూర్చుని ఎనిమిది పేజీల అంగీకార పత్రం చదివాను. "యాదృచ్ఛికంగా కేటాయించబడుతుంది" అనే మాట దగ్గరికి వచ్చేసరికి నా నాలుకే మెలిక పడింది. ఆయన ఓపిగ్గా విని, ఏలు ఎక్కడ పెట్టాలో చూపమని బొటనవేలు చాపాడు. తాతల కాలం నుంచి కాగితం ఎవరు తెచ్చినా వాళ్లు చేసే పని అదే. నేను సంతోషంగా సిరా డబ్బీ కోసం వెతికితే, అక్క దాన్ని వీపు వెనక దాచేసింది.

తర్వాత ఆయనకు లంబాడీలో మొత్తం మళ్లీ చెప్పింది. చిట్టీ తీసినట్టే తీస్తారని, కొత్త మందు వస్తుందో పాతది వస్తుందో నువ్వూ కోరుకోలేవు, డాక్టరూ కోరుకోలేడని. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, నచ్చకపోతే ఏ రోజైనా మానేయొచ్చని, మానేసినా దవాఖానలో మామూలు మందు ఇస్తారని. అంతా అయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని, ఇప్పుడు నువ్వు నాకు తిరిగి చెప్పు అన్నది. ఆయన సగం చెప్పి ఆగితే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక్క ముద్రకు పూట గడిచింది. ఇట్లయితే ఏడాది పడుతుందని నేను విసుక్కుంటే, "చెప్పంది ఏలుముద్ర లేదు, చెల్లె" అన్నది. ఆ మాట తర్వాత కొన్ని వందల సార్లు విన్నాను.

ముద్ర వేయించాక ఆ వేలికి కొబ్బరినూనె రాసి తన కొంగుతో తుడిచేది. రంగు పోకపోతే అన్నం కలుపుకునేటప్పుడు మనసు పట్టదని. గుడ్డ పీలికలు ఇస్తానన్నా తీసుకోలేదు. తండాలు తిరిగే రోజుల్లో ఎప్పుడూ కట్టే లేత పసుపు చీర ఒకటి ఉండేది, దాని కొంగు నిండా ఊదా మచ్చలే. నేను ఆట పట్టిస్తే, మీ ఆఫీసులో రిజిస్టరు మీది, ఇది నాది అనేది.

ఇక అసలు సంగతి. మిర్చి కల్లాల్లో పనిచేసే ఒక ముసలామె మా పరిశోధనలో ఉండేది. అక్క ఆమెను యాడీ అని పిలిచేది, వాళ్ల భాషలో అమ్మ అని. మందు విషయంలో ఆమె అంత పద్ధతైన మనిషి ఇంకొకరు లేరు. వారం వారం ఖాళీ గోలీల అట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి లెక్కకు లెక్క అప్పజెప్పేది. అందరికీ ఆమెనే చూపించి గొప్పలు చెప్పేదాన్ని. కానీ ఆమె బరువు పెరగడం లేదు. వయసు మీద పడింది కదా అని నేను తీసిపారేశాను. అక్క తీసిపారేయలేదు. ఒక రోజు ఆ అట్టలను వెలుతురుకు పట్టి, వేలితో రుద్ది, నా ముందు పెట్టింది. వేలికి నల్లటి పొడి అంటింది.

"మన మిర్చి కల్లంల బొగ్గు ఏడికెల్లి వచ్చె?"

యాడిని అడిగితే దాచకుండా చెప్పేసింది. కొడుకు భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. అతనికీ దగ్గే. దవాఖానకు పోతే పనిలోంచి తీసేస్తారని భయం. సెలవు రోజు ఇంటికి వచ్చినప్పుడల్లా తన గోలీల్లో సగం కొడుక్కు ఇచ్చేది. ఖాళీ అట్టలు పారేయొద్దని మేం గట్టిగా చెప్పాం కాబట్టి, అతను వాటిని పని చొక్కా జేబులో భద్రంగా దాచి తెచ్చేవాడు. ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాం కదా అంటే, యాడి మా ఇద్దరినీ వింతగా చూసింది. ఉన్న రొట్టెలో సగం కొడుక్కు పెట్టడాన్ని ఇవ్వడం అంటారని ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ సగం మందు మింగుతున్నారు. సగం మందుకు రోగం చావదు, మందుకే లొంగకుండా తయారవుతుంది. ల్యాబ్‌లో నేను కళ్లారా చూసిందే అది.

అప్పటికే మందు మధ్యలో వదిలేసి వలస పోయిన వాళ్ల వల్ల మా పరిశోధన కేంద్రానికి చెడ్డపేరు వచ్చింది. మరుసటి వారమే పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఇది కూడా బయటపడితే కేంద్రం మూసేస్తారని నా భయం. అందుకే ఒక మాట అన్నాను, ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. తల్లీకొడుకులిద్దరికీ పూర్తి వైద్యం చేయిద్దాం, కానీ రిజిస్టరులో రాయడం ఎందుకక్కా, లెక్క సరిపోయింది కదా అన్నాను.

అక్క రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టింది. తర్వాత మెల్లగా అన్నది:

"రేపు ఈ గోలీలు మింగేది మా తండలోళ్లే. గిప్పుడు అబద్ధం రాస్తే, రేపు మావోళ్లు మింగేది గా అబద్ధమే. నేనేం చెప్పిననో తిరిగి చెప్పు, చెల్లె."

నేను తిరిగి చెప్పాను. సగం చెప్పి ఆగితే, మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాశాం.

తనిఖీకి వచ్చినవాళ్లు ఊరికే వదల్లేదు. తప్పు నాది, అడగాల్సిన ప్రశ్న ఒకటి నేను అడగలేదు అని అక్క నిలబడి చెప్పింది. కొన్నాళ్లు కొత్తవాళ్లను చేర్చుకోవద్దన్నారు. ఆ రోజుల్లోనే అక్కా నేనూ బస్సెక్కి భూపాలపల్లి పోయి, ఆ కొడుకును దవాఖానకు తీసుకుపోయి పరీక్ష చేయించాం. క్షయే. చికిత్స మొదలైంది. యాడికి కూడా డాక్టర్లు మళ్లీ పరీక్షలు చేసి మామూలు మందు మొదటి నుంచి ఇచ్చారు. ఇద్దరూ కోలుకున్నారు.

చివరికి కేంద్రం మూయలేదు. అక్క అడగలేదన్న ఆ ప్రశ్న మా ఫారంలో చేరింది. మీ ఇంట్లో ఇంకా ఎవరు దగ్గుతున్నారు, దూరంగా ఉన్నా సరే? దాని వల్ల ఇంకా కొందరు దొరికారు, ఎవరి మందూ ఎవరూ పంచుకోవాల్సిన అవసరం రాకముందే. కొన్నేళ్లకు పరిశోధన ముగిసి, ఆ మందు మామూలు చికిత్సగా మా వైపు దవాఖానలకు వచ్చింది. మొదటి డబ్బా వచ్చిన రోజు అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి నవ్వింది. "గింత డబ్బకు గంత తిరుగుడా, చెల్లె!" అన్నది. ఆ మందు మీద పెద్ద పెద్దవాళ్ల పేర్లతో వ్యాసాలు వచ్చాయి. వాటిలో అక్క పేరు లేదు. నాకు మాత్రం, నా చదువంతటిలో గర్వంగా చెప్పుకునేది ఏదంటే, ఆమె చేతి కింద పనిచేశానని.

ఆదివారం మధ్యాహ్నానికి తండా చేరేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఎన్ని తండాల వాళ్లు వచ్చారో. కూతురు అమ్మ మీద ఆ పసుపు చీరే కప్పింది. అక్క కాళ్ల దగ్గర యాడి కూర్చుని ఉంది, పక్కనే భూపాలపల్లి నుంచి వచ్చిన కొడుకు. నన్ను చూసి యాడి ఏడవలేదు. కొంగు చేతిలోకి తీసుకుని, ఒక్కో మచ్చనూ తడుముతూ వెతికింది. అన్నీ ఒక్క తీరువే, ఎన్నో ఉతుకులకు వెలిసినవే. ఒక దాని దగ్గర ఆగి, తన బొటనవేలు దాని మీద ఆనించింది.

"గిది నాది" అన్నది.

ఎట్లా గుర్తుపట్టిందని నేను అడగలేదు. తీసుకుపోవడానికి లేపేదాకా ఆ వేలు అక్కడి నుంచి కదల్లేదు.