మా చేతి తిండికే పెరిగాడనుకున్నాం

ఆ సాయంత్రం నా కూతురు ఎప్పటిలాగే అతని వైపు పరిగెత్తింది. ఆట ముగించుకుని అతను మా గడప దాటగానే అది ఎటునుంచో వచ్చి చేతులు పైకెత్తేది. అతను మాట ఆపకుండానే వంగి ఎత్తుకునేవాడు. ఆరోజు అది వంటింట్లోంచి, అతనికి పక్కగా వచ్చింది. అతను ఆగలేదు. మోకాలు తగిలి పిల్ల వెల్లకిలా పడింది. పిల్లలు పడతారు, లేస్తారు. నేను భయపడింది దానికి కాదు. ఏడుపు విని అతను ఎదురుగా ఉన్న గోడ వైపు చూశాడు. తర్వాత వాకిలి వైపు చూశాడు. పిల్ల అతని కాలి పక్కనే ఉంది. చివరికి తల తిప్పి, భుజాలు కూడా తిప్పి, అప్పుడు చూశాడు.

"చూసుకోలేదక్కా," అన్నాడు పిల్లను ఎత్తుకుంటూ. "ఆకలి మీదుంటే నాకు కండ్లు కనపడవు."

నవ్వాడు. నేను సంగటి కెలుకుతున్న కట్టె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మా ఆయన ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు ఆటలు నేర్పుతారు. మద్రాసులో చదువుకునేటప్పుడు బాస్కెట్‌బాల్ పిచ్చి ఆయనకు పట్టుకుంది, ఇంక వదల్లేదు. ఈ అబ్బాయి ఆయన చేతికింద ఉన్నవాళ్ళలో అందరికన్నా పొడుగు. హాస్టల్లో పడుకునేవాడు, మా ఇంట్లో తినేవాడు. నా తమ్ముడి వయసు. నన్ను అక్కా అనేవాడు, నా పిల్లలు మామా అనేవాళ్ళు.

పొడుగు పిల్లల విషయంలో మా ఆయనకు ఒక పట్టుదల ఉండేది. మిగతా కాలేజీల వాళ్ళు పొడుగువాణ్ణి తెచ్చి బోర్డు కింద నిలబెట్టి, పైకి బాలు విసిరేవాళ్ళు. "ఎత్తున్నోడు గుంజ గాదు. వానికీ కాళ్ళుంటాయి, బుద్ధుంటాది," అనేవారు ఈయన. అందుకే పొడుగు పిల్లలకు మొదట కాళ్ళే నేర్పేవారు. సున్నంతో గీసిన గుండ్రంలో ఒక పాదం కదలకుండా ఉంచి, రెండో పాదంతో చుట్టూ తిరగాలి. తాడాట ఆడాలి. ఆ తర్వాతే బాలు. పైన అందుకున్న బాలును కిందికి దించకూడదు. "దించినావంటే అది పొట్టోళ్ళ సొత్తురా అబ్బీ," అని గ్రౌండంతా వినపడేటట్లు అరిచేవారు. మా ఇల్లు గ్రౌండుకు ఎదురే కాబట్టి బియ్యం ఏరుకుంటూ నేనూ ఆ పాఠాలన్నీ విన్నాను.

ఈ అబ్బాయిని ఆయన పులివెందుల బస్టాండులో చూశారు. బస్సు మీదికి శనక్కాయల మూటలు ఎక్కిస్తున్నారట. అందరూ నిచ్చెన ఎక్కుతుంటే ఇతను నేలమీద నిలబడే మూటను పైవాడికి అందిస్తున్నాడట. ఈయన ఎక్కాల్సిన బస్సు వదిలేసి అతని వెంట వాళ్ళ ఊరికి పోయారు. పులివెందులకు కొంచెం అవతల, మెట్ట చేలున్న చిన్న పల్లె. పిల్లవాడు పదకొండో తరగతి ప్యాసై సేద్యం చూసుకుంటున్నాడు. వాళ్ళ నాయన మొదట ఒప్పుకోలేదు. "సదివిందే ఎక్కువాయ. బాలు ఎగరేస్తే పంట పండుతాదా సామీ?" అన్నాడట. ఈయన మాటల మనిషి. తిండి మా ఇంట్లోనే అని, బిడ్డ మాదిరి చూసుకుంటామని చెప్పి తీసుకొచ్చారు.

నిజంగానే బిడ్డ మాదిరే చూసుకున్నాను. పొద్దున పాలు, గుడ్లు. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. ఆదివారం కోడికూర. అతను తిన్నంత ఇష్టంగా మా ఇంట్లో ఎవరూ తినేవాళ్ళు కాదు. అప్పటికే పొడుగు, ఇంకా పెరగసాగాడు. తోటి పిల్లలకు ఎదుగుదల ఆగిపోయిన వయసులో ఇతని చొక్కా చేతులు మణికట్టు దాటి పైకి పోతున్నాయి. మా బజారులో బట్టలు కుట్టే సాయిబు ఒకసారి టేపు మెడలో వేసుకుని, "నేను కొల్చేది ఒకటి, కుట్టేలోపల ఈడు ఇంకోటి. ఈని గుడ్డ ఈనే కుట్టుకోవాల సార్," అని నవ్వించాడు. చేతులు పెద్దవయ్యాయి. దవడ వెడల్పైంది, గొంతు బరువెక్కింది. మగపిల్లాడు మనిషవుతున్నాడు అనుకున్నాను. మా ఆయన స్టోర్‌రూమ్ గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసేవారు. పాత గీతకన్నా కొత్తది పైన పడిన రోజు ఇంటికి వచ్చి నాకు చెప్పి మరీ కాళ్ళు కడుక్కునేవారు.

ఒక సెలవులో మేమంతా వాళ్ళ ఊరికి వెళ్ళాం. కొడుకును మా ఆయన వాకిట్లో నిలబెట్టి, వాళ్ళ నాయనతో అన్నారు:

"చూడప్పా, నువ్వు నాకిచ్చినప్పుడు ఎంత, ఇప్పుడెంత. ఇంకో ఏడు నా దగ్గరుంటే ఈ వాకిలి పట్టదు."

పెద్దాయన తలపాగా సర్దుకుని కొడుకును కింది నుంచి పైకి చూశాడు. వాళ్ళమ్మ దిష్టి తీసి, వేళ్ళు విరిచి, నా చేతులు పట్టుకుంది. "నాదేముండాది తల్లీ, కన్నదాన్ని. పెంచింది నీ చెయ్యి," అంది. నేను కాదనలేదు. చాలా సంతోషంగా ఉండింది నాకు.

మోకాలు తగిలి నా పిల్ల పడిన ఆ సాయంత్రం తర్వాత నేను గ్రౌండు వైపు చూడటం మారింది. ముందునుంచి వచ్చిన బాలును అతను రెండు చేతులా పట్టుకుంటున్నాడు. పక్కనుంచి వచ్చింది భుజానికి తగిలి పోతోంది. పిల్లలు ఊరుకుంటారా.

"రేయ్, మానుకు బాలు తగిల్తే మానుదేం తప్పురా."

"నిద్ర లేప్పా, అన్నం ఏళయింది."

అతను కూడా నవ్వేవాడు. ఆట మధ్యలో తలనొప్పి అని తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు. మా ఆయన తనదే తప్పనుకున్నారు. రింగు మీది నుంచి చూపు తిప్పొద్దని తానే నేర్పారు కాబట్టి, ఆ అలవాటు ముదిరి పక్కలు చూడటం లేదనుకున్నారు. అది విరగ్గొట్టాలని ఇద్దరు పిల్లల్ని చెరోపక్క నిలబెట్టి గట్టిగా బాల్లు విసరమన్నారు. ఒకటి చెవికి తగిలింది. అతను చెవి రుద్దుకుని, "ఇంకోటెయ్‌రా," అన్నాడు. నాకు గ్రౌండులోకి పరిగెత్తాలనిపించింది.

"పక్కనుంచి వచ్చేది ఆ పిల్లోనికి కనపడడంలే," అన్నాను భోజనం దగ్గర.

"కనపడక గాదు, చూడడంలే."

"నా బిడ్డను కూడా చూడలేదు. కావాలని చూడకుండా ఉంటాడా?"

"నీకు ప్రతిదీ భయమే," అన్నారు. అది నిజమే. పిల్ల రెండుసార్లు దగ్గితే లేచి కూర్చునేదాన్ని నేను. కానీ నా భయాల్లో ఇది వేరే రకమని ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

తర్వాత చిన్నదానికి చెవిలో చీము పట్టింది. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆయనకు పోటీల పని ఉండి, తోడుగా ఆ అబ్బాయినే పంపారు. బస్సులో అతను మెడ వంచుకుని నిలబడితే కండక్టరు, "తల టాపుమీద పెట్టుకో అప్పా, టిక్కెట్టు ఒళ్ళుకే కొడతా," అన్నాడు. బస్సంతా నవ్వింది. నా పిల్ల అతని భుజం మీద నిద్రపోయింది.

పిల్ల చెవి చూసిన డాక్టరుగారు పెద్దవయసువారు. మందు రాసి ఇచ్చాక, ఈ అబ్బాయి కళ్ళు కూడా ఒకసారి చూడండి అన్నాను. ఆయన అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా ముక్కు వైపే చూడు. పక్కనుంచి నా వేలు వస్తుంది. కనపడగానే చెప్పు," అన్నారు. వేలు ఎత్తారు. నాకు కనపడుతోంది. అది మెల్లగా ముందుకు జరిగింది. చెవి దాటింది, చెంప దాటింది. అబ్బాయి బుద్ధిగా ముక్కు వైపే చూస్తున్నాడు.

"ఇంకా పెట్టలా గదా సార్?" అన్నాడు.

డాక్టరుగారు రెండో చెయ్యి ఎత్తారు. అటూ అంతే. తర్వాత అతని చేతులు తిప్పి చూశారు. బూట్లు ఎన్నిసార్లు మార్చావు, తల ఎప్పుడు నొస్తుంది, అని అడిగి, బయట కూర్చోమన్నారు.

"ఈ పెరుగుదల బలం కాదమ్మా," అన్నారు నాతో. "మెదడు కింద చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. దానికి గడ్డ లేచినట్టుంది. ఆగాల్సిన వయసులో ఒంటిని పెరగమంటూనే ఉంది. అదే కంటి నరాల మీద ఒత్తుతోంది. మద్రాసు తీసుకెళ్ళండి. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు."

ఆ మాటలు వింటున్నంతసేపూ నాకు పాలగ్లాసులు, గుడ్లు, గోడమీద గీతలు కళ్ళముందు తిరిగాయి. బయటికి రాగానే అతను అడిగాడు.

"ఏమన్నాడక్కా?"

"మద్రాసుకు పోవాలంట."

"పోటీలైనంక పోదాంలే."

"కాదు నాయనా. ముందే పోవాల."

నా మొహం చూసి పిల్లను అందుకున్నాడు. దారి పొడుగునా పిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

మా ఆయన విని, వెంటనే గ్రౌండుకు పోయి, బాల్లు విసరడం మాన్పించారు. పోటీల్లోంచి అతని పేరు తీసేశారు. కబురు పంపితే అతని నాయన వచ్చాడు. తల తెరిచి గడ్డ తీయాల్సి రావచ్చు అనగానే లేచి నిలబడ్డాడు. కొడుకును తీసుకుని పులివెందుల బస్సెక్కాడు.

తర్వాతి ఆదివారం మేమిద్దరం వాళ్ళ ఊరికి వెళ్ళాం. అదే వాకిలి. చేలో పీకిన శనక్కాయ చెట్లు ఆడవాళ్ళు కుప్పలేస్తున్నారు. అబ్బాయి ద్వారబంధానికి ఆనుకుని కూర్చున్నాడు. మా ఆయన డాక్టరు చెప్పిందంతా చెప్పారు. అతని నాయన చివరిదాకా విన్నాడు.

"సామీ, ఈ వాకిట్లోనే నిలబెట్టి చెప్తిరి. నా కాడుంటే ఈ వాకిలి పట్టదు అంటిరి. ఆపొద్దు పెరిగేది మీ గొప్ప. ఇయ్యాల అదే రోగమంటాండారు. రెండిట్లో యాది నమ్మాల నేను?"

"ఇదే నిజమప్పా. అప్పుడు మాకు తెలీదు."

"ఇప్పుడు మాత్రం తెలుసా?"

అంత మాటల మనిషి మా ఆయన, వాకిట్లో పడిన శనక్కాయ ఒకటి ఏరి చేతిలో తిప్పారు.

వాళ్ళమ్మ నా వైపు తిరిగింది. "నీ చేతి తిండికి పెరిగినాడంటే ఒప్పుకుంటివే. నీ తిండికి రోగమొచ్చిందని ఒప్పుకుంటావా? నా బిడ్డ తల కోయిస్తారా? పొండి తల్లీ, మంచినీళ్ళు తాగి పొండి."

చెంబు తెచ్చి ఇచ్చింది కూడా. ఆ నీళ్ళు తాగాను. అబ్బాయి లేచి మమ్మల్ని బస్సు దాకా సాగనంపాలని చూశాడు. ఆమె రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

మా ఆయన మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మూలికలు నడుస్తున్నాయని, మొక్కులు నడుస్తున్నాయని చెప్పేవాళ్ళట. ఎండలు ముదిరాక ఒకరోజు తండ్రీకొడుకులు వాళ్ళంతట వాళ్ళే మా ఇంటికి వచ్చారు. పెద్దాయన ముందు నడుస్తున్నాడు. అబ్బాయి తండ్రి భుజం మీద చెయ్యి వేసి వెనక వస్తున్నాడు. అన్నం పెట్టినా కంచం ఎక్కడుందో తడుముకుంటున్నాడని, వాళ్ళమ్మే పంపిందని పెద్దాయన చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మా ఆయన ఆ రోజే వాళ్ళిద్దరితో మద్రాసు రైలు ఎక్కారు.

చాలా వారాలకు, నిన్న సాయంత్రం, ఆయన ఒక్కరే తిరిగి వచ్చారు.

"ప్రాణానికి భయం లేదన్నారు. ఇంక పెరగడంట," అన్నారు.

"కండ్లు?"

ఆయన తొట్టి దగ్గరికి పోయి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నారు.

"ఆ పిల్లోనికి చెప్పినారా?"

"వాడే చెప్పినాడు నాకు. ఇంక రాదంట సార్, మీరు ఊరికి పోండి, కాలేజీ తెరిచే ఏళయింది, అన్నాడు." కాళ్ళు తుడుచుకుంటూ, "వాళ్ళ నాయన నాతో ఒక్క మాట మాట్లాడలా. ఇద్దరికీ అన్నం తెచ్చిస్తే మాత్రం తిన్నాడు," అన్నారు.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఈ మధ్య వాళ్ళ చేతులు, పాదాలు పట్టిపట్టి చూస్తున్నాను. అన్నం తినిపిస్తూ ముద్దను పక్కనుంచి తెచ్చి, ఎప్పుడు నోరు తెరుస్తారా అని చూస్తున్నాను. పిల్లవాడు కొంచెం పొడుగెదిగాడని ఎవరైనా అంటే వాడి చొక్కా చేతులు మణికట్టు దాకా వస్తున్నాయో లేదో సరిచూస్తున్నాను. ముందు సంతోషించిన మాటలకే ఇప్పుడు భయపడుతున్నాను.

ఈరోజు పొద్దున మా పెద్దవాడు లేవగానే అడిగాడు: "నాన్న వచ్చినాడు గదా, మామ ఏడీ?" ఏదైనా కథ చెప్పవచ్చు. మద్రాసులో చదువుకుంటున్నాడు అనవచ్చు. ఇద్దరినీ మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను.

"మామకు జబ్బు చేసింది. ప్రాణం నిలిచింది గానీ కండ్లు పోయినాయి. ఇంక రావు. కాలేజీకి రాడు, వాళ్ళ ఊళ్ళోనే ఉంటాడు. ఊరికి చేరినాక మనం పోయి చూద్దాం."

"వాళ్ళమ్మ కోప్పడుతుందా?" అన్నాడు. పెద్దవాళ్ళ మాటలు ఎప్పుడు విన్నాడో.

"కోప్పడుతుంది. ఏమన్నా మీరు ఎదురు మాట్లాడొద్దు. ఏడిస్తే ఏడవనీండి. అన్నం పెడితే వద్దనకుండా తినండి."