అరుగు మీద ఎర్ర నంబరు

మా రాజమండ్రి వీధిలో మళ్ళీ తారు పోస్తున్నారు. ఈసారీ ఫుట్‌పాత్ ఊసు లేదు. ఆ తారు వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు ఏడేళ్ళప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు మా అరుగు మీద ఎర్రరంగుతో నంబరు వేసి వెళ్ళారు. ముగ్గుల పోటీలో ప్రతి ముగ్గు పక్కనా అలాగే నంబరు వేస్తారు. మా అరుగునీ పోటీకి తీసుకున్నారనుకుని, ఆ నంబరు చుట్టూ నాకొచ్చిన మెలికల ముగ్గు పెట్టాను.

మర్నాడు పొక్లెయిన్‌తో వచ్చిన ఇంజనీరు ఆ ముగ్గు తొక్కుతూ నిలబడ్డాడు.

"మరి నడిచేవాళ్ళు ఎక్కడ నడుస్తారండీ?" అని అడిగింది నాన్నమ్మ.

"రోడ్డు వెడల్పయితే అందరికీ మంచిదేనండి, మామ్మగారూ," అన్నాడు.

ఆ మర్యాద తగలెయ్య!

అరుగు పోయింది. లారీలు మా గుమ్మాన్ని ఒరుసుకుంటూ పోయేవి. రోజూ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎదురింటి సూరమ్మగారితో కబుర్లాడే నాన్నమ్మ, ఇక కిటికీలోంచి చెయ్యి ఊపేది. తరవాత రోడ్డు నడుమ డివైడరు కట్టారు. అవతలికి వెళ్ళాలంటే కూడలి దాకా పోయి తిరిగి రావాలి.

సూరమ్మగారు పోయిన రోజున నాన్నమ్మ రిక్షా ఎక్కింది.

"ఎక్కడికండీ, మామ్మగారూ?" అన్నాడు రిక్షా అతను.

నాన్నమ్మ ఎదురింటి వైపు వేలు చూపించింది.