తీగకొక వంపు

మా పక్కింటి డిష్ తాతగారు పోయారు. సోమవారం ల్యాబులో బోర్డు పరీక్షిస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "కాఫీ తాగి, కుర్చీలోనే వెళ్ళిపోయారే," అంది. సోల్డరింగ్ ఐరన్ ఆపేశాను.

రామచంద్రపురంలో మా వీధి టీవీ డిష్‌లన్నీ ఆయన బిగించినవే. ఆయన డాబా మీద డిష్ తిప్పుతుంటే, బొమ్మ వచ్చిందో లేదో కింద టీవీ ముందున్నవాళ్ళు అరిచి చెప్పాలి. సెలవుల్లో ఆ పని నాది. కాన్వెంటులో హాజరు పలకడానికే భయపడే పిల్లని, నాకు గొంతు పెగిలేది కాదు. ఆయన విసుక్కోలేదు. పాత సైకిలు బెల్లొకటి తెచ్చి చేతిలో పెట్టారు.

"బొమ్మొస్తే ఒకసారి కొట్టమ్మా, పోతే రెండుసార్లు. అరవడానికి ఊళ్ళో చాలామంది ఉన్నార్లే."

లోపల్నుంచి మామ్మగారు అందుకునేవారు. "ఊరందరికీ బొమ్మ రప్పిస్తారు. మనింట్లో టీవీ మాత్రం నెల్రోజుల్నుంచీ పలకదు!"

"నీ మాటలు వినపడాలి కదే, అందుకే."

ఇప్పుడు నేను ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ అందించే యాంటెన్నాలకు హార్డ్‌వేర్ ఇంజనీరుని. పోయిన వర్షాకాలంలో, గోదావరి లంకలోని ఒక ఆరోగ్య కేంద్రంలో నేను డిజైన్ చేసిన యాంటెన్నా పెట్టెను పరీక్షకు పెట్టాం. వాన గట్టిగా పడితే అది ఆగిపోయేది. రాజమండ్రి డాక్టరుగారితో నర్సుగారి మాట మధ్యలో తెగిపోయేది. ల్యాబులో నీళ్ళు చిమ్మి చూసినప్పుడు లోపలికి చుక్క పోలేదు మరి. మూడోసారి ఆగితే పెట్టె వెనక్కి తెచ్చేయమన్నారు ఆఫీసులో. రెండుసార్లు అయిపోయాయి.

ఇంటికొచ్చి, తాతగారి అరుగు మీద కూర్చున్నాను. ఏంటని అడగలేదు. చూపించమన్నట్టు ఆయన చెయ్యి చాపారు. ఫోన్లో పెట్టె ఫొటో చూపించాను.

"ఇదేంటమ్మా, వానకి దారేసి మరీ పిలిచావు?"

స్తంభం మీది నుంచి తీగ తిన్నగా పెట్టెలోకి దిగింది. దాని వెంటే నీళ్ళూ. ల్యాబులో మేం తీగను బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించాం.

"పెట్టె తిరగేసి, కన్నం కిందికి పెట్టు. తీగ దానికంటే కిందికి దిగి, వంపు తిరిగి, అప్పుడు లోపలికెళ్ళాలి. నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. నీళ్ళకి మనం చెబితే వినపడదమ్మా. దారి చూపించాలి."

మర్నాడే పడవలో లంకకు వెళ్ళాను. కనెక్టరుకు పట్టిన చిలుము చూసి దాన్ని మార్చి, ఆయన చెప్పినట్టే బిగించాను. మూడో రోజు కుండపోత. నర్సుగారు డాక్టరుగారితో మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ మాట ముగిశాక, ఆ కనెక్షన్ మీదే తాతగారికి వీడియో కాల్ చేశాను. ఏదో చెప్పాలనుకున్నాను, గొంతు పెగల్లేదు. ఆయన పక్కకు వంగి, ఆ సైకిలు బెల్లు తీసి ఒక్కసారి కొట్టారు.

ఇప్పుడు మా పెట్టెతో పంపే సూచనల కాగితం మీద ఆ వంపు బొమ్మ ఉంటుంది. మీ ఇంటి డిష్ తీగ గోడలోకి వెళ్ళేచోట ఓసారి చూడండి. వంపు ఉంటే, పని తెలిసినవారే బిగించారు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. సన్నగా వాన. మామ్మగారి పక్కన అరుగు మీద కూర్చున్నాను. కిటికీ పక్కన, ఆయన వంచిన తీగ అడుగున, ఒక చుక్క ఊరి, బరువెక్కి, రాలి, మళ్ళీ ఊరుతోంది.