హంస కోసం రాసిన అర్జీ

ఆ రంగులరాట్నంలో రాకెట్ మొదట ఎక్కింది నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏ పూట ఏం కూర తిన్నానో కూడా రాసుకునే నా డైరీకి సైతం చెప్పలేదు. మొన్న ఇంటికి సున్నం వేయిస్తున్నామని అలమరలోని పుస్తకాలన్నీ మంచం మీదికి దించుతుంటే పదేళ్ల కిందటి డైరీ చేతికొచ్చింది. మే నెలలో ఒక పేజీలో అక్షరం ముక్క లేదు. మూలన నల్లటి బొటనవేలి ముద్ర మాత్రం ఉంది, బొగ్గుది. దానికి ముందు రోజులూ తర్వాత రోజులూ అంచుల దాకా నింపి రాశాను. సున్నం వేసే ఆయన గుమ్మంలో నిలబడి "ఈ గది ఎప్పుడిస్తావమ్మా" అని రెండుసార్లు అడిగాడు. నేను ఆ పేజీ తెరుచుకుని పుస్తకాల మధ్య అలాగే కూర్చుండిపోయాను. నాకు అప్పుడు పదమూడేళ్లు. తెలియనివాళ్లు మంచినీళ్లు అడిగినా చెంబు గడపలో పెట్టి లోపలికి పరుగెత్తే పిల్లను.

మాది తిరుపతి. నాయనకు వీధి మొదట్లో సైకిల్ షాపు. గంగమ్మ జాతర దగ్గర పడుతుందనగా తమిళ సరిహద్దు వైపు నుంచి రెండెడ్ల బండి మీద రాట్నం తాత వచ్చేవాడు. ఆయన ఊరి పేరు మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందుకని ఊరూ పేరూ రెండూ కలిపి రాట్నం తాతే అయ్యాడు. మా షాపు పక్క ఖాళీ స్థలంలో రాట్నం బిగించేవాడు. ఇరుసుకు గ్రీజు పెట్టడం, బేరింగు చూడడం నాయన పని. రాట్నానికి ఎనిమిది చేతులు, ఎనిమిది కొయ్య జంతువులు. అందులో హంస నాది. నాదంటే నాకెవరూ ఇవ్వలేదు, నేను మనసులో తీసేసుకున్నాను. ఎప్పుడో దాని ముక్కు విరిగిపోతే ఎవరో కొబ్బరిచిప్ప ముక్క చెక్కి అతికించారు. వెల్ల వేసిన ఒంటికి ఆ గోధుమరంగు ముక్కుతో అది ఎప్పుడూ ఏదో అడగబోయి ఆగిపోయినట్టు కనిపించేది. బహుశా అందుకే నాకు నచ్చిందేమో. తాత చేత్తో తోసి తిప్పేవాడు. ఎవరైనా ఏడిస్తే ఆ జంతువును పట్టుకుని పక్కనే నాలుగడుగులు నడిచేవాడు. మా వీధిలో ఒక్కొక్కరికి ఒక్కో జంతువు మీద వంశపారంపర్యపు హక్కు ఉండేది. ఎదురింటి దర్జీ మామ చిన్నప్పుడు ఎక్కిన గుర్రాన్నే ఆయన పిల్లలు ఎక్కాలి. వేరే పిల్లలు ముందుగా ఎక్కితే దర్జీ మామ కత్తెర పట్టుకునే బయటికి వచ్చేవాడు.

ఆ ఏడు బండి మీద కొయ్య జంతువులతో పాటు తళతళలాడే రేకు వస్తువులు కూడా దిగాయి. తాత అల్లుడు చిత్తూరులో లారీలకు బొమ్మలు వేసేవాడు. జంతువులు తీసేసి వాటి జాగాలో రాకెట్లు వేలాడదీద్దామని అతని ఆలోచన. డబ్బా రేకు వంచి, వెండిరంగు పూసి, తోకకు ఎర్రటి మంటలు వేసి ముందుగా నాలుగు తయారు చేసుకొచ్చాడు. వాటిని బండి నుంచి దించీ దించకముందే మా షాపు అరుగు మీద పంచాయతీ మొదలైంది.

"ఏందప్పా ఇది? హంసనూ నెమలినీ పీకేసి రేకు డబ్బాలు తగిలిస్తారంట! గంగమ్మ ముందర మన పిల్లోళ్లు డబ్బాల్లో తిరగాల్నా?" అన్నాడు దర్జీ మామ.

కాలేజీలో చదివే మా పెదనాయన కొడుకు, అంటే మా అన్న, రాకెట్ల పక్షం. "గంగమ్మ వద్దనిందా మామా? నువ్వు పోయినేడు కొత్త మిషను కొంటివే, పాతదాన్ని యాడ పెట్నావు?"

"మిషను వేరే, హంస వేరేరా."

"ఆ కొబ్బరిచిప్ప ముక్కును సూస్తే కొంగలు గూడా నవ్వుతాయి మామా!"

నాయన తల ఎత్తకుండానే అన్నాడు: "హంసైతే ఏంది, రాకెట్టైతే ఏంది? బరువు అన్ని పక్కలా సమానంగా ఉండాల. బేరింగుకు భక్తి ల్యా."

లోపలి నుంచి మా అవ్వ వచ్చింది. "మీలో ఒగడన్నా ఈ ఏడు ఎక్కేవాడుండాడా? మీసాలొచ్చినోళ్లంతా కొట్లాడతా ఉండారు. ఎక్కే పిల్లోళ్లనడగండ్రా. ఇదో, మన పాపనడగండి." అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నేను లోపలికి పారిపోయాను. నాకు చెప్పాలనే ఉంది. గొంతు రాలేదు, అంతే.

దస్తూరీ మాత్రం బాగుండేది. అందుకని మర్నాడు దర్జీ మామ అర్జీ రాయించడానికి నా దగ్గరికే వచ్చాడు. "మహారాజశ్రీ రాట్నం యజమాని గారి సముఖమునకు" అని ఆయన చెబుతుంటే రాశాను. జంతువులు ఎంత పురాతనమైనవో, వీధికి ఎంత ప్రతిష్ఠో చెప్పించాడు. ఆయన తాంబూలం ఉమ్మి రావడానికి వెళ్లినప్పుడు నా మాటలు రెండు చేర్చాను: "హంస మెడ పట్టుకుంటే భయం వేయదు. రాకెట్‌కు పట్టుకోవడానికి మెడ లేదు." వీధిలో రాయడం వచ్చినవాళ్లు సంతకాలు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. అర్జీ చేతికిస్తే తాత అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు అరవం అచ్చరాలే వస్తాయి సామీ. రాసిన పాపనే సదవమను" అన్నాడు. నేను టైర్ల గుట్ట వెనక కూర్చున్నాను. ఎంత పిలిచినా లేవలేదు. చదువుతానని దర్జీ మామ చెయ్యి చాపినా ఇవ్వకుండా తాత ఆ కాగితాన్ని మడిచి రొండిన దోపుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన తీర్పు ఇది. ఈ జాతరకు నాలుగు జంతువులూ నాలుగు రాకెట్లూ తిరుగుతాయి. పిల్లలు దేనికి ఎగబడితే అదే వచ్చే ఏటికి. రెండూ మోసుకుపోవడానికి బండిలో తావు లేదు, కాబట్టి ఓడినవి ఇక్కడే ఉండిపోతాయి. గుర్రం, ఏనుగు, నెమలి, హంస బరిలో మిగిలాయి. ఒకటి విడిచి ఒకటి బిగిద్దామని నాయన అన్నాడు. హంస పక్కన రాకెట్ ఉండడానికి దర్జీ మామ ఒప్పుకోలేదు, రాకెట్ పక్కన కొంగ ఉండడానికి మా అన్న ఒప్పుకోలేదు. చివరికి ఒక సగం అంతా కొయ్య, ఒక సగం అంతా రేకు. ఇద్దరినీ మెప్పించిన ఆ ఏర్పాటుతో రాట్నం మొదటి చుట్టులోనే కొయ్య వైపు ఒరిగి, జబ్బు ఎద్దులాగా కుంటింది. నాయన ఏదో గొణుక్కుంటూ రాకెట్ల అడుగున ఇసుక మూటలు కట్టాడు.

జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషం నాడు ఒంటికి తెల్లటి నామపుకొమ్ము, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు. వేషం కట్టినవాళ్లు ఎవరిని ఏమని తిట్టినా తప్పు పట్టకూడదు. ఆ తిట్లు అమ్మవారికి ఇష్టమంటారు. మా వీధివాళ్లకు ఆ ఏడు ఇది బాగా కలిసొచ్చింది. బండ వేషం నాడు దర్జీ మామ ఒళ్లంతా కుంకుమ పూసుకుని, రాట్నం అల్లుణ్ణి, అతని బ్రష్షునీ, అతనికి బొమ్మలు నేర్పినవాణ్ణీ వరసగా తిట్టాడు. మా అన్న కూడా కుంకుమతోనే వచ్చి దర్జీ మామను, ఆయన కుట్టిన నిక్కర్లను తిట్టాడు. ఆ నిక్కర్లు తొడిగినవాళ్లంతా నవ్వారు. తిట్లు అయ్యాక ఇద్దరూ ఎర్రటి ముఖాలతో, అల్లుణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని, ఒకే బెంచీ మీద కాఫీ తాగారు. రాకెట్లు మాత్రం ఖాళీగానే తిరుగుతున్నాయి. అవి గొలుసులకు వేలాడుతూ బయటికి ఊగితే తల్లులు పిల్లల్ని వెనక్కి లాగేవాళ్లు. గొలుసులు తెగుతాయని వాళ్లకు ఎక్కించింది దర్జీ మామే. హంస గెలుస్తోంది. అల్లుడు రోజంతా ఆ రేకులు తుడుస్తూ కూర్చునేవాడు. పాపం అనిపించేది నాకు. అంతకన్నా ఎక్కువగా, అందులో కూర్చుంటే ఎలా ఉంటుందో అనిపించేది. ఆ అనిపించడం నాకే నచ్చేది కాదు.

అంతకు ముందు ఏడు నాకు కామెర్లు వస్తే అవ్వ మొక్కుకుంది, నయమైతే తోటి వేషం కట్టిస్తానని. ఆడపిల్లకు సిగ్గు కదా అంటే "అమ్మవారికి చెప్పుకో" అంది. బొగ్గు నూరి నూనెలో కలిపి ముఖం, చేతులు, కాళ్లు పూసింది. అన్న పాత చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టి, వేపమండ చేతికిచ్చింది. అద్దంలో చూసుకుంటే అక్కడ నేను లేను. గుడికి పోయి వచ్చి, మిట్టమధ్యాహ్నం అవ్వ ఒక చెట్టు నీడన కూర్చున్నప్పుడు, నా కాళ్లు రాట్నం వైపు నడిచాయి. అక్కడ తాత ఒక్కడే ఉన్నాడు. హంస ఖాళీగా ఉంది. దాని పక్కనుంచే పోయాను. దాని ముఖం చూడలేదు.

రాకెట్‌లో కూర్చున్నాను. తాత వచ్చి తోశాడు. రెండు చుట్లు మామూలుగానే ఉంది. మూడో చుట్టుకు అది బయటికి లేచింది. కాళ్ల కింద నేల వంగింది, నాయన షాపు, దర్జీ మామ ఇల్లు, వెనక కొండ, అన్నీ పక్కకు ఒరిగిపోయాయి. పట్టుకోవడానికి నిజంగానే మెడ లేదు. అప్పుడు అరిచాను. భయం కాదది. అంత పెద్ద గొంతు నాలో ఉందని నాకే తెలియదు. ఇంకా ఇంకా అరిచాను. ఆ కేకకు సందుల్లోంచి పిల్లలు వచ్చేశారు. నేను దిగేసరికి నాలుగు రాకెట్లకూ తోపులాట. వాళ్ల మధ్యలోంచి దూరి ఇంటికి పోయి, నీళ్ల తొట్టి దగ్గర మూడుసార్లు ముఖం కడుక్కున్నాను. సాయంత్రం డైరీ తెరిచాను, బొగ్గు వదలని బొటనవేలు ఆనించాను, మూసేశాను.

జాతర ముగిసేదాకా హంస వైపు ఒక్కరూ పోలేదు. "యా ఊరి నుంచి వచ్చినాడో ఆ తోటి ఎదవ, కొంప ముంచినాడు" అని దర్జీ మామ వారం రోజులు అందరితోనూ అన్నాడు. నాతో కూడా అన్నాడు. నేను అవునని తలూపాను.

ఓడిన జంతువులు మా వీధికే దక్కాయి. గుర్రం దర్జీ మామ కొట్టులోకి పోయింది, కుట్టిన చొక్కాలు దాని మీద వేసేవాడు. హంసను అవ్వ మా పెరట్లో పెట్టించి దాని వీపు మీద వడియాల గుడ్డ ఆరేసేది. తాత బయలుదేరే రోజు పొద్దున బండి ఇరుసుకు గ్రీజు కోసం షాపుకు వచ్చాడు. నాయన లోపల డబ్బా వెతుకుతున్నాడు. తాత రొండి నుంచి ఆ కాగితం తీసి, విప్పి, నా ముందు పెట్టాడు. "ఇప్పుడు ఎవురూ ల్యారు, సదువు పాపా" అన్నాడు. మొదటి వాక్యం నాకే వినపడలేదు. రెండోదానికి కొంచెం గొంతు వచ్చింది. హంస మెడ దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం చూడలేక ఆగిపోయాను. ఆయన చెయ్యి ఊపాడు, చదవమని. చివరిదాకా చదివాను. అర్జీ మడిచి మళ్లీ రొండిన దోపుకున్నాడు. నా చెవి వెనక ఇంకా పోని బొగ్గు మరకను చూశాడో, ముందే తెలుసో, ఇప్పటికీ నాకు అర్థం కాదు. మరుసటి ఏడు నుంచి అల్లుడొక్కడే వచ్చాడు. కాబట్టి గ్రీజు డబ్బా అందుకుంటూ తాత నాతో అన్నవే ఆఖరి మాటలు:

"బాగా రాసినావు పాపా. ఈ రాకెట్టు గూడా ఒగనాటికి పాతబడతాది, దాన్నీ తీసేస్తామంటారు. అప్పుడు గూడా కాగితం రాయి. అయితే ఆ వచ్చిన కొత్తదేందో ఒగ తూరి ఎక్కి సూసి, రాయి."