గీతలు తక్కువున్న వైపు

చుక్కల మాస్టారు ఆ అలవాటును కంప్యూటరుకు నేర్పారా, కంప్యూటరే ఆయనకు అంటగట్టిందా? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఇద్దరు మనుషులకు పరిచయం ఉందో లేదో తెలుసుకోవాలంటే, ఆ ఇద్దరిలో పరిచయాలు తక్కువున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళేవారు. ఇదీ ఆయన పిచ్చి.

ఇంట్లో భార్యకు ఇది ప్రాణసంకటం. "మా పెదనాన్నకి ఆ కొత్త దర్జీ తెలుసేమో కనుక్కు రండి" అని పంపితే, ఎదురింటి పెదనాన్నను దాటుకుని నాలుగు వీధుల అవతల ఉన్న దర్జీ దగ్గరికి వెళ్ళొచ్చారు.

"ఎదురింట్లో మనిషిని పెట్టుకుని ఎండలో ఆ తిరుగుడేంటండీ?"

"మీ పెదనాన్నకి ఊళ్ళో సగంమంది తెలుసు. ఒక్కొక్కళ్ళనీ తలుచుకుని, తలా ఒక కథ చెప్పి, దర్జీ దాకా వచ్చేసరికి నా ప్రాణం పోతుంది. దర్జీ కొత్తవాడు. చప్పున చెప్పేశాడు."

"ఏమని?"

"తెలీదట!"

ఆఫీసులో ఆయన పని ఆసుపత్రుల డేటాబేసు చూసుకోవడం. అందులో ప్రతి రోగీ ఒక చుక్క, ప్రతి ఆసుపత్రీ ఒక చుక్క. రోగి ఏ ఆసుపత్రికి వెళితే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. మాస్టారికి ఆ పేరు అలా వచ్చింది.

కొత్తగా చేరిన అమ్మాయికి ఒక పని అప్పగించారు. ఫలానా రోగికీ ఫలానా ఆసుపత్రికీ మధ్య గీత ఉందా అంటే వెంటనే తేలాలి. ఆమె రాసిన ప్రోగ్రాం నడిపితే కంప్యూటరు గుర్రుపెట్టి నిద్రపోయేది.

"సాయంత్రానికి ఇది పరుగెత్తకపోతే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నాడు మేనేజరు, మర్యాదగానే.

మధ్యాహ్నం ఆమె క్యాంటీన్లో మూల బల్ల దగ్గర డబ్బా తెరిచి, తినలేక కూర్చుంది. మాస్టారు వచ్చి ఎదురుగా కూలబడ్డారు. ఆమె చేరిన నాటినుంచీ అంతే. రోజూ అక్కడే తినడం, దారినపోయేవాళ్ళను ఎవరినో ఒకరిని కేకేసి కూర్చోబెట్టడం. ఈ పెద్దాయనకు వేరే చోటే దొరకదా అని ఆమె విసుక్కునేది.

"క్యాంటీనాయన నీకు తెలుసా?"

"నా ఉద్యోగం పోతుంటే ఆయనెందుకండీ మధ్యలో? తెలుసు!"

"ఠక్కున చెప్పావు. ఇప్పుడు ఆయన్ని అడుగుదాం. ఏమోయ్, మా కొత్తమ్మాయి తెలుసా?"

"ఏ అమ్మాయి సార్?" క్యాంటీనాయన గరిటె గాల్లో ఆగింది. "చక్కెర లేని కాఫీ అమ్మాయా? గ్లాసులు తిరిగివ్వని అమ్మాయా? ఉండండి, అకౌంట్సువాళ్ళతో మొదలెడతా..."

కొత్తమ్మాయి చెంచా పడేసి లేచింది. తను రాసింది ఆసుపత్రి దగ్గర మొదలై, దాని లక్షల గీతలన్నీ తడుముతూ రోగిని వెతుకుతోంది. రోగికి ఉండేవి రెండో మూడో గీతలు! ఏ చుక్కకు గీతలు తక్కువో ముందు చూసి, అక్కణ్ణుంచే బయల్దేరేలా తిరగరాసింది.

సాయంత్రం మేనేజరు మీట నొక్కాడు. వేలు తీసేలోగా జవాబు వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ నొక్కాడు.

"రేపు పెందలాడే రామ్మా" అన్నాడు.

అందరూ చుట్టూ మూగారు. "ఏం తల్లీ, మూల బల్ల మహిమేనా?" అంది అకౌంట్సు అక్క.

"మీకెలా తెలుసు?"

"నేను చేరిన కొత్తలో నా ఎదురుగానూ కూర్చునేవారే! నాకూ ఒక్క మనిషి తెలీదు మరి."

"నా దగ్గరా అంతే" అన్నాడు కాఫీలు తెచ్చిన క్యాంటీనాయన. "నాకు స్నేహితులు పెరిగాక నా పొయ్యి పక్కన కూర్చోవడం మానేశారు. ముందు ఉడుక్కున్నాను కూడా."

కొత్తమ్మాయి గిరుక్కున తిరిగింది. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర ఆ రోజే చేరిన వాచ్‌మన్ ఎవరికో స్టూలు జరిపి చోటిస్తున్నాడు.