అందరి పక్కగది

కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించే వారికి ఒక మర్యాద అలవడుతుంది. ఎదుట కూర్చున్న మనిషిని వారు ఎన్నడూ "మీకేం కావాలి" అని అడగరు. ఒక అద్దం పెట్టి, తీసి, మరొకటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అంటారు. పెట్టెలో ఎన్ని అద్దాలున్నా ఆ క్షణాన ఆ మనిషికి ఉన్నవి రెండే. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, అంతా తానే తేల్చుకున్నానన్న తృప్తితో అతడు లేచి వెళతాడు. ఆ వీధివారంతా అద్దాలమ్మ అని పిలిచే ఆమె ఈ విద్యలో ఆరితేరింది. దుకాణంలో అబ్బిన విద్యను ఇంట్లో వాడకూడదన్న నియమం ఎక్కడా లేదు గనుక, ఇంట్లోనూ ధారాళంగా వాడేది. గోడలకు ఏ రంగు వేయాలి, తమ్ముడు ఏ చదువు చదవాలి, తల్లి మోకాళ్లను ఏ వైద్యుడికి చూపించాలి, ఇవన్నీ ఆ కుటుంబం సమష్టిగా తీసుకున్న నిర్ణయాలే. రెండు అద్దాలు ఆమె చేతిలో ఉండేవి, అంతే.

కనుక వేసవి సెలవుల్లో కుటుంబమంతా పిల్లలతో సహా థీమ్ పార్కుకు వెళ్లాలని అనుకున్నప్పుడు, అక్కడి రిసార్టులో బస ఎంపిక చేసే భారం ఆమె నెత్తిన పడింది. పడిందని మిగిలినవారు అనుకున్నారు. నిజానికి ఆ భారం మరొకరి నెత్తిన పడకుండా ఆమే అడ్డంగా నిలబడి పట్టుకుంది.

దానికి కారణముంది. అద్దాలమ్మ పెళ్లి చేసుకోలేదు. అందులో విషాదగాథ ఏమీ లేదు, చేసుకోవాలనిపించలేదు, చేసుకోలేదు. అయితే పెళ్లి కాని మనిషికి నిద్రతో పని ఉండదని ఆ కుటుంబంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఏ ఊరు వెళ్లినా జంటలకు గదులు పంచడం పూర్తయ్యాక, "నీకేముందిలే, ఒక్కదానివి, ఎక్కడైనా సర్దుకుంటావు" అనేవారు. ఆ ఎక్కడైనా అన్నది ప్రతిసారీ పిల్లల నడుమే అయ్యేది. ఒకడి మడమ ఆమె పక్కటెముకల్లో దిగబడేది. ఒకతికి మంచినీళ్లు కావలసి వచ్చేది. చేపలు నిద్రపోతాయా, పోతే కళ్లు ఎలా మూస్తాయి అన్న సందేహం మరొకరికి కలిగేది. తమ్ముడి కూతురు, అందరికన్నా చిన్నది, ఎప్పుడూ ఆమె చెంగు పట్టుకుని తిరుగుతుంది గనుక తోక అని పేరు పడినది, ఏకంగా ఆమె పొట్టమీదే నిద్రపోయేది. తెల్లవారాక తల్లిదండ్రులు తేటపడ్డ ముఖాలతో వచ్చి, పిల్లలు ఆమె దగ్గరైతే ఎంత బుద్ధిగా పడుకుంటారో అని మెచ్చుకునేవారు.

పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఆ సంగతి వేరు. ఈసారి మాత్రం ఆమెకు ఒక గది కావాలి. గదికి తలుపు కావాలి. తలుపుకు గడియ కావాలి. మధ్యాహ్నం భోజనం చేసి, ఆ గడియ బిగించి, ఎవరూ పిలవకుండా కంటినిండా నిద్రపోవాలి. ఆమె జీవితంలో ఇంత పట్టుదలగా కోరుకున్నది మరొకటి లేదు. ఈ మాట పైకి అంటే "ఏం, పిల్లలు బరువయ్యారా?" అంటారు. అందుకని అనలేదు.

పెద్దన్న ఇంటి ముందుగదిలో సమావేశం జరిగింది. పెద్దన్న బస్సుల డిపోలో పర్యవేక్షకుడు; బండి కదిలే ముందు తలలు లెక్కపెట్టడం ఆయనకు ఊపిరి తీయడంతో సమానం. రిసార్టులో బస మూడు రకాలు: బాతుల చెరువు పక్కన గుడారాలు, చెట్ల నడుమ పెద్ద చెక్క ఇల్లు, అంతస్తుల మేడలో గదులు. అద్దాలమ్మ ఫోనులో బొమ్మలు రెండేసి చొప్పున చూపించింది. ముందు గుడారమా, చెక్క ఇల్లా? చెరువు దగ్గర కప్పలుంటాయని మరదలు కాళ్లు సోఫా మీదికి ముడుచుకోవడంతో గుడారాలు పోయాయి. తరువాత చెక్క ఇల్లా, మేడ గదులా?

ఇక్కడే గండం. చెక్క ఇంట్లో విశాలమైన హాలు ఉంది. పరుపులన్నీ వరసగా పరిచేయవచ్చునని పెద్దన్న అప్పుడే కళ్లతో పరిచేస్తున్నాడు. పిల్లలు ఒక వరస, పిల్లల మధ్యలో ఎవరో ఒకరు. ఆ ఎవరో ఒకరు ఎవరో అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. అద్దాలమ్మ తొందరపడలేదు. బొమ్మను కొద్దిగా జరిపి, ఇంతమందికీ స్నానాల గది ఒక్కటే ఉందన్న సంగతిని, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. అందరి చూపులూ ఒక్కసారిగా బావగారి మీదికి మళ్లాయి. ఆయన రోజూ ఉదయం పత్రిక తీసుకుని లోపలికి వెళతారు.

"నేనేం చేశాను?" అన్నారు బావగారు.

"ఏమైనా చేసుంటే త్వరగా బయటికొచ్చేవారు" అంది అక్క.

చెక్క ఇల్లు అక్కడితో కూలింది. మేడ ఖాయమయింది. పిల్లలు కొత్త చోట ఉలిక్కిపడి లేస్తే తల్లిదండ్రులు అదే గదిలో ఉండటం మంచిదా, ఎక్కడో దూరంగా ఉండటం మంచిదా అని అద్దాలమ్మ అడిగింది. రెండోదే మంచిదని చెప్పగలిగిన కన్నతండ్రి ఎవడూ ఆ గదిలో లేడు. అలా ఎవరి పిల్లలు వారి గదికి చేరారు. తల్లికి అక్క గది కేటాయించారు. అక్కడ గడప ఎత్తు తక్కువ. ఏమంటావమ్మా అంటే ఆవిడ "మీ ఇష్టం" అంది. ఆవిడ ఎప్పుడూ అలాగే అంటుంది. చివరన ఒక చిన్న గది మిగిలింది. దాన్ని అద్దాలమ్మ తనకు రాసుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. పైగా అందరూ సరేనని తలలూపారు.

అంత తేలికగా ఊపినందుకే ఆమెకు అనుమానం రావలసింది. ఏ అద్దం పెట్టినా బాగుంది బాగుంది అనేవాడు అక్షరాలను చూడటం లేదని, గోడమీది పటాన్ని ముందే కంఠస్థం చేసి వచ్చాడని దుకాణంలో ఆమె ఇట్టే పసిగట్టేది. సంతోషం మనిషి చూపును ఎంత మందగింపజేస్తుందో కొలిచే అద్దం ఇంకా రాలేదు.

ప్రయాణం రోజు వచ్చింది. రిసార్టు ముందరి హాలులో కుందేలు వేషం వేసిన మనిషి ఒకడు నిలబడి చేతులు ఊపుతున్నాడు. పిల్లలు అతడి తోక ఊడుతుందో లేదో పరీక్షిస్తున్నారు. బల్ల వెనక ఉన్న ఉద్యోగిని, నవ్వు ఇంకా వాడిపోని చిన్నపిల్ల, గదుల తాళం కార్డులు తీస్తూ అద్దాలమ్మను ఆరాధనగా చూసింది.

"మీవాళ్లకి మీరంటే ఎంత ప్రేమండీ. మీ అన్నయ్యగారు ఫోన్ చేసి, మీ గదికీ వాళ్ల గదికీ మధ్యలో తలుపు ఉండాలన్నారు. మీ తమ్ముడుగారు చేసి అదే అడిగారు. మీ అక్కగారు ఎదురుగది అడిగి, మీ గదికి ఇంకో కార్డు కూడా కావాలన్నారు. అందుకని మీ చివరి గది మార్చి మధ్యగది ఇచ్చాం. అటూ ఇటూ తలుపులున్న గది అదొక్కటేనండి."

కుటుంబమంతా కుందేలును మహా శ్రద్ధగా చూడసాగింది.

"నువ్వూ చేశావట్రా?" అన్నాడు పెద్దన్న, మోసపోయినవాడి గొంతుతో.

"నువ్వు చేస్తావని తెలిస్తే నేనెందుకు చేస్తానన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

ఆ తలుపులకు గడియలుంటాయా అని అద్దాలమ్మ మెల్లగా అడిగింది. పిల్లలు లోపల బిగించుకుంటారేమోనని తమ్ముడుగారు భయపడటంతో ఊడదీయించామని ఆ అమ్మాయి గర్వంగా చెప్పింది. ఆపైన ఇంకో కార్డు తీసి, "పెద్దావిడ కూడా ఫోన్ చేశారు. పై అంతస్తులో చివర, పక్కన ఎవరూ లేని గది. ఒక్కరికే" అంది.

తల్లి ఆ కార్డు అందుకుని, చేతిసంచీ భుజాన వేసుకుని, అప్పటికే లిఫ్టువైపు నడుస్తోంది. కొడుకులూ కూతుళ్లూ నోళ్లు తెరిచారు. ఎప్పుడు చేశావని, ఎలా చేశావని అడిగారు. ఆవిడ మీట నొక్కి, తలుపు తెరుచుకునేదాకా ఆగి చెప్పింది.

"నాకొక గది ఇస్తారా అన్నాను. ఇస్తామన్నారు."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. అద్దాలమ్మ వాటినే చూస్తూ ఉండిపోయింది. కావలసినదాన్ని అడగడమనే మూడో అద్దం ఒకటి ఉంటుందని ఇన్నేళ్లలో ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

మధ్యగది నిజానికి గది కాదు, రెండు తలుపుల నడుమ మంచం వేసిన నడవ. నీళ్ల జారుడుబల్లల మీద పొద్దున్నంతా జారి, భోజనాలయ్యాక తిరిగివచ్చిన పిల్లలు ఒక తలుపులో దూరి మరో తలుపులో తేలడం కనిపెట్టారు. పెద్దవదిన తల నొప్పిగా ఉందని, ఒక్క నిమిషం నడుం వాల్చుతానని చెప్పి అవతలికి వెళ్లింది. మరదలు తడిబట్టలు ఆరేసి ఇప్పుడే వస్తానంది. ఆరేయడం ఎంతకీ తెమల్లేదు. అక్క తన రెండో కార్డుతో తలుపు తెరిచి, తన ఇద్దరినీ లోపలికి నెట్టి, మాట్లాడకుండా మూసింది. కొద్దిసేపటికి ఎడమవైపునుంచి పెద్దన్న గురక, కుడివైపునుంచి తమ్ముడి గురక మొదలయ్యాయి. తోక తడిజుట్టుతో మంచమెక్కి, ఆమె తలగడను ఆక్రమించి, "అత్తా, కుందేలుకి లోపల ఇంకో కుందేలుందా?" అని అడిగింది.

ఉందని, దానికి పాపం చాలా ఉక్కగా ఉందని అద్దాలమ్మ జవాబు చెప్పింది. తరువాత లేచింది. కోపం రాలేదు. మూయడానికి వీల్లేని తలుపులతో ఏం చేయాలన్న ఆలోచన వచ్చింది. ఎడమ తలుపును బార్లా తెరిచి, జరగకుండా సూట్‌కేసు అడ్డం పెట్టింది. కుడి తలుపును తెరిచి కుర్చీ అడ్డం పెట్టింది. బయటి తలుపు కూడా తెరిచి, ఎదుట ఉన్న అక్క తలుపు మీద వేళ్లతో తట్టింది. బావగారు పత్రికతో సహా బయటికి వచ్చారు. కాసేపు పిల్లల్ని చూస్తూ ఉండమని ఆయనకు చెప్పి, ఆపైన పిల్లలందరినీ పిలిచింది.

"ఈ గదులన్నీ మనవే. ఏ మంచం మీదైనా ఎగరొచ్చు. ముందు నాన్నల మంచాలు."

పిల్లలకు ఏ సంగతీ రెండోసారి చెప్పవలసిన అవసరం ఉండదు. ఎడమవైపు గురక మధ్యలో తెగిపోయింది. అద్దాలమ్మ తలగడ చంకన పెట్టుకుని బయటి నడవలోకి వచ్చేసరికి వెనకనుంచి "ఎక్కడికే?" అని అక్క కేకేసింది.

"పడుకోవడానికి" అంది అద్దాలమ్మ. ఆ మాట ఎంత తేలికగా వచ్చిందంటే, ఆమె వెనక్కి తిరిగి అక్క ముఖం చూడటం కూడా మరిచిపోయింది.

పై అంతస్తులో చివరి గది తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనమ్మా."

"వెనక ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

తలుపు ఒక మనిషి పట్టేంత మేరకే తెరుచుకుంది. లోపల తెరలు దించి ఉన్నాయి. చల్లగా ఉంది. తల్లి జడ విప్పుకుని, జోళ్లు విడిచి, ఒక రాణీవాసపు ఠీవితో మంచం మధ్యలో పడుకున్న గుర్తు పక్కమీద ఇంకా ఉంది.

"మాట్లాడతావా?" అందావిడ.

"లేదు."

"అయితే గడియ పెట్టు."

అద్దాలమ్మ గడియ పెట్టింది. ఆ చిన్న ఇనుప చప్పుడు విని ఆమెకు ఎందుకో కళ్లు చెమర్చాయి. తల్లి గోడవైపు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ వీపులు ఆనించి పడుకున్నారు.

"నువ్వూ అడగాల్సింది" అంది తల్లి, కళ్లు మూసుకునే.

"ఏమంటారోనని."

"ఏమైనా అంటారు. నిద్రపోయేదానికి వినపడదుగా."

మంచం పక్కనున్న ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎత్తడానికి అద్దాలమ్మ అలవాటుకొద్దీ చెయ్యి చాచింది. తల్లి వెనక్కి తిరగకుండానే ఆ చెయ్యి పట్టుకుని, దుప్పటి కిందికి లాగి, వదల్లేదు. ఫోను చాలాసేపు మోగింది. ఎప్పుడు ఆగిందో అద్దాలమ్మకు తెలియదు.