తొక్కు అడిగితే తొక్కలు

తుని నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో రేకుల గదిలో దిగిన కొత్తలో జరిగిందండీ ఇది. మా ఆయనది తాపీ పని. నాలుగు రోజులుగా ఒకటే వాన, పనుల్లేవు. మా వరసలో ఆరు గదుల వాళ్లదీ అదే పరిస్థితి.

పక్కగది యాదమ్మ తలుపు కొట్టింది. “అక్కా, ఇయ్యాల అందరం కలిసి తిందం. బువ్వ నేను వండుతున్న. నీ కాడ తొక్కు ఉంటె జర తీస్కరా.”

ఇవ్వడానికి నా దగ్గరా ఏదో ఉందని ప్రాణం లేచొచ్చింది. బీరకాయ కూర పొద్దుటే అయిపోయింది గానీ, తొక్కలు ఇంకా పారేయలేదు. యాదమ్మకు మేక ఉంది, దానికే కాబోలనుకుని గిన్నె నిండా వేసుకుని వెళ్లాను.

అందరూ కంచాల ముందు కూర్చుని నా కోసమే చూస్తున్నారు. నేను నవ్వుతూ వాళ్లను దాటుకుని వెళ్లి, మేక ముందు గిన్నె వంచబోయాను.

“అయ్యో, మా తొక్కు మేకకు పెడుతున్నవేంది!” అని యాదమ్మ కేక.

తొక్కంటే ఇక్కడ పచ్చడని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇంట్లో పచ్చడి కూడా లేదని చెప్పడం ఇంకో సిగ్గు.

యాదమ్మ పడీపడీ నవ్వి గిన్నె లాక్కుంది. “ఫికర్ చెయ్యకు. వీటితోనే తొక్కు నూరుదం!” ఒకరు మిరపకాయలు, ఒకరు చింతపండు తెచ్చారు. పాపం, మేకకే ఏమీ మిగల్లేదు.

ఇప్పటికీ మా వరసలో ఎవరైనా వట్టి చేతులతో రావడానికి మొహమాటపడితే, యాదమ్మ నన్ను చూపించి అంటుంది: “తొక్కలున్నా తే అక్కా, గీమె గవే తెచ్చింది!”